వెళ్ళే స్వేచ్ఛ, ఉండే స్వేచ్ఛ

ప్రయాణం స్త్రీకి స్వేచ్ఛనిస్తుందని మనం ఎంతో కాలంగా నమ్ముతున్నాం. నమ్మడానికి కారణాలు ఉన్నాయి. గడప దాటాలంటే అనుమతి, ఊరు దాటాలంటే తోడు, చీకటి పడితే సంజాయిషీ. ఇవన్నీ దాటుకుని వచ్చినవాళ్ళం. తెలుగులో యాత్రారచన అనగానే అందరూ ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర దగ్గర మొదలుపెడతారు. 1830లో మద్రాసు నుంచి బయల్దేరిన ఆయన వెంట పెద్ద పరివారం ఉంది, పల్లకీ ఉంది, ఆ పల్లకీని మోసిన బోయీలు ఉన్నారు. 1870లలోనే ఇంగ్లండు వెళ్ళివచ్చి పుస్తకం రాసిన పోతం జానకమ్మ పేరు మాత్రం సాహిత్య చరిత్రల్లో వెతుక్కుంటే గాని దొరకదు. అందుకే నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' చదివినప్పుడు మనలో చాలామందికి అది ఒక ప్రదేశం గురించిన పుస్తకం కంటే, ఒక స్త్రీ తన కళ్ళతో తాను చూసి, చూసింది తానే చెప్పిన పుస్తకంగా ముఖ్యమైంది. ఆ ఉత్సాహాన్ని తక్కువ చేయాలని నాకు లేదు.

అయితే స్త్రీ చేసే ప్రతి ప్రయాణమూ స్వేచ్ఛేనా? నేను సరదాగా వెళ్ళే దారిలోనే ఇంకో స్త్రీ గత్యంతరం లేక వెళుతుంటే, ఇద్దరం ఒకే పెట్టెలో ఎదురెదురుగా కూర్చుంటే, నా స్వేచ్ఛకి ఏమర్థం? ఈ ప్రశ్నని గాలిలో పెట్టి చర్చించడం కన్నా ఒక రైలుమార్గం మీద పెట్టి చూడటం మేలనుకుంటాను.

కెనడాలో మానిటోబా రాష్ట్ర రాజధాని విన్నిపెగ్ నుంచి హడ్సన్ అఖాతం ఒడ్డున ఉన్న చర్చిల్ దాకా వారానికి రెండుసార్లు ఒక ప్రయాణీకుల రైలు నడుస్తుంది. దూరం సుమారు 1,700 కిలోమీటర్లు. రెండు రాత్రుళ్ళు రైల్లోనే గడపాలి. గోధుమ పొలాలు అయిపోయాక అడవి, అడవి అయిపోయాక చిత్తడినేల, ఆ తర్వాత ఏడాది పొడవునా లోపల గడ్డకట్టి ఉండే నేల. అక్కడ చెట్లు పొట్టిగా, గాలి ఒక పక్క కొమ్మల్ని ఊడ్చేసినట్టుగా ఉంటాయి. స్తంభం నిలబడని ఆ నేలలో పాత టెలిగ్రాఫ్ తీగల కోసం మూడు కర్రల్ని ముక్కాలిపీటలా కట్టి నిలబెట్టారు. చర్చిల్‌లో వెయ్యిమంది కూడా ఉండరు. బయటి ప్రపంచం నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో సముద్రం గడ్డకట్టడం కోసం ధ్రువపు ఎలుగులు ఆ ఒడ్డున ఎదురుచూస్తాయి. వాటిని చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారు. కొందరు విమానంలో వస్తారు, దృశ్యాలు కూడా చూడాలనుకునేవాళ్ళు రైల్లో వస్తారు.

పరిశోధన పనిమీద ఆ దేశంలో ఉన్న ఏడాది, ఒక అక్టోబరులో నేనూ ఆ రైలెక్కాను. ఎందుకెక్కావంటే చూడాలని ఎక్కాను, అంతే. ఆ రైల్లో పడుకోవడానికి గదులున్న పెట్టెలున్నాయి, మామూలు కుర్చీలున్న పెట్టె ఉంది. విహారయాత్రికులు ఎక్కువగా మొదటి వాటిలో ఉంటారు. మూలవాసులు ఎక్కువగా రెండోదాంట్లో ఉంటారు. నా దగ్గరున్న డబ్బుకి నాకు దొరికిందీ కుర్చీయే.

థాంప్సన్ అనే పట్నంలో ఒక క్రీ మహిళ, ఆమె కూతురు, ఒడిలో నెలల బిడ్డ ఎక్కారు. వాళ్ళతోబాటు పాలపొడి డబ్బాలు, పిండి సంచులు, బిడ్డకి కట్టే డయపర్ల అట్టపెట్టెలు రెండు. ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేని పిక్విటోనే అనే చిన్న ఊరికి వెళుతున్నారు. నేను ఇండియా నుంచి అని తెలిసి, ఆసుపత్రిలో నర్సులు కూడా మీ దేశం వాళ్ళేనంది తల్లి. కిటికీలోంచి ఒక చెరువుని ఫొటో తీస్తుంటే "ఏముందక్కడ?" అనడిగింది. నీళ్ళు బాగున్నాయన్నాను. "మా చిన్నాన్న వలలు వేసేది అక్కడే" అంది మామూలుగా. తర్వాత పాలపొడి ధర గురించి కూతురితో మాటల్లో పడిపోయింది. వాళ్ళ ఊరొచ్చింది. దిగారు. సామాను అందించడానికి ఇద్దరు ముగ్గురు లేచారు, నేనూ లేచాను. జరిగింది అంతే. ఆమె నాకు ఏ సందేశమూ ఇవ్వలేదు. కాని ఆ తర్వాత ఆలోచించిన కొద్దీ ఒక సంగతి స్పష్టమైంది. మేమిద్దరం ఒకే రైల్లో ఉన్నాం గాని ఒకే ప్రయాణంలో లేం. నాకది చూడటానికి వెళ్ళే దారి, ఆమెకి ఆసుపత్రికీ అంగడికీ వెళ్ళే దారి. నేను ఆ రైలు ఎక్కకపోతే ఒక జ్ఞాపకం తక్కువవుతుంది. ఆమె ఎక్కకపోతే బిడ్డకి పాలుండవు.

ఈ తేడా డబ్బులో ఉందని చెప్పి ఊరుకోవచ్చు. కాని ఆ మార్గం చరిత్రలోకి వెళితే తేడా ఇంకా లోతుగా కనబడుతుంది. ఆ రైలు అక్కడి మనుషుల కోసం వేసింది కాదు. ప్రెయిరీ మైదానాల రైతులకి తమ గోధుమని దగ్గరి దారిన ఐరోపాకి పంపుకునే రేవు కావాలి. అందుకోసం పట్టాలు 1929 నాటికి చర్చిల్ చేరాయి, 1931లో రేవు మొదలయింది. క్రీ, డెనే ప్రజల నేల మీదుగా వెళ్ళే ఆ పట్టాలకి ఆ ప్రజలు గమ్యం కాదు, మధ్యలో తగిలేవాళ్ళు మాత్రమే. ఇది మనకి తెలియని కథ కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపాన్‌కి పంపడానికి 1960లలో కొత్తవలస - కిరండూల్ మార్గం వేశారు. అనంతగిరి కొండల్ని తొలిచిన ఆ సొరంగాలు ఖనిజం కోసం పుట్టాయి. ఆ తర్వాత అవి మనకి 'అరకు అందాలు' అయ్యాయి. 2017 ఏప్రిల్‌లో ఆ రైలుకి అద్దాల పైకప్పున్న విస్టాడోం పెట్టె తగిలించారు.

2017లోనే, మే నెలలో, చర్చిల్ మార్గంలో వరదలు వచ్చి ఇరవై చోట్ల దాకా పట్టాల కింద నేల కొట్టుకుపోయింది. అప్పటికి ఆ మార్గం ఒక అమెరికన్ కంపెనీ చేతిలో ఉంది. బాగుచేయడం తమకి గిట్టుబాటు కాదని కంపెనీ అంది, నువ్వే చేయాలని ప్రభుత్వం అంది. వాదులాట సాగినంతకాలం రైలు నడవలేదు. తిండి, ఇంధనం, మందులు విమానంలోనో ఓడలోనో రావాల్సివచ్చింది. ధరలు పెరిగాయి. తిరిగి ప్రయాణీకుల రైలు చర్చిల్ చేరింది 2018 డిసెంబరులో, అంటే ఏడాదిన్నర తర్వాత. ఎలుగుల్ని చూడాలనుకున్న వాళ్ళు ఆ రెండేళ్ళూ విమానాల్లో వెళ్ళారు, లేదా ఇంకో చోటికి వెళ్ళారు. అలా ఇంకో చోటికి వెళ్ళగలగడమే యాత్రికుడికుండే బలం. దృశ్యం ఒకచోట చెడిపోతే ఇంకోచోట దొరుకుతుంది. ఇల్లు అలా దొరకదు.

నేలని దృశ్యంగా చూడాలంటే ముందు దాన్ని ఖాళీ చేయాలి. కళ్ళతో ఖాళీ చేయడం ఒక పద్ధతి. మేరీ లూయీజ్ ప్రాట్ 'ఇంపీరియల్ ఐస్' (1992)లో వలస యాత్రికుల రచనల్ని పరిశీలించి, వాళ్ళు తాము నిరపాయకరమైన చూపరులమని చెప్పుకుంటూనే ఆ చూపుతో నేలని ఎలా స్వాధీనం చేసుకున్నారో వివరించింది. మనుషుల జాడలేని ప్రకృతిగా వర్ణించిన చోటు ఆక్రమించుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. కళ్ళతో కాక నిజంగానే మనుషుల్ని ఖాళీ చేయించడం రెండో పద్ధతి. చర్చిల్ చరిత్రలో అదీ ఉంది.

సయీసీ డెనే ప్రజలు కారిబూ జింకల వెంట బతికినవాళ్ళు. కారిబూలు తగ్గిపోతున్నాయనీ, దానికి వీళ్ళ వేటే కారణమనీ అధికారులు తీర్మానించారు. 1956లో డక్ లేక్ దగ్గరున్న సుమారు 250 మందిని విమానంలో ఎక్కించి తెచ్చి చర్చిల్‌లో దింపారు. సరైన సంప్రదింపులు లేవు, ఏర్పాట్లు లేవు. పడవలూ, ఉచ్చులూ, సామానూ చాలావరకు అక్కడే వదిలేయాల్సివచ్చింది. చర్చిల్‌లో వాళ్ళని శ్మశానం పక్కన ఉంచారు. వేట లేదు, పని లేదు. ఊరి చెత్తకుప్పలో తిండి ఏరుకున్నారు. చలి, తాగుడు, మంటలు, హింస. 1973లో మిగిలినవాళ్ళు తమంతట తాము లేచి టడూలీ సరస్సు ఒడ్డుకి వెళ్ళి కొత్తగా ఊరు కట్టుకునే నాటికి, తరలించినవాళ్ళలో కనీసం మూడోవంతు మంది చనిపోయారు. కారిబూల గురించి వేసిన లెక్క తప్పని తర్వాత తేలింది. 2016 ఆగస్టులో కెనడా ప్రభుత్వం వాళ్ళకి క్షమాపణ చెప్పింది, 3 కోట్ల 36 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది.

ఈ కథని లోకానికి చెప్పినవాళ్ళు ఇద్దరు స్త్రీలు. ఆ ప్రజల్లో పుట్టి, తర్వాత వాళ్ళకి నాయకురాలైన ఐలా బుసిడోర్, పాత్రికేయురాలు ఉస్తున్ బిల్గెన్ రైనార్ట్ కలిసి 1997లో 'నైట్ స్పిరిట్స్' పుస్తకం తెచ్చారు. ఆ ప్రజల నోటి మాటల మీద నిలబడ్డ పుస్తకం అది. అందులో స్త్రీలు చెప్పినవి చదువుతుంటే తరలింపు అనే మాట మీద ఉన్న అధికారభాష పొర ఊడిపోతుంది. ఆ చెత్తకుప్ప దగ్గరికే ధ్రువపు ఎలుగులూ వచ్చేవి. ఒక కాలంలో యాత్రికులు ఎలుగుల్ని చూడటానికి వెళ్ళిన చోట్లలో అదీ ఒకటి. ఒకే కుప్పలో తిండి వెతుక్కున్న ఎలుగు చూడదగ్గ దృశ్యమైంది, మనిషి మాత్రం ఎవరికీ కనబడకుండా పోయింది. ఏది కనబడుతుందో, ఏది కనబడదో ముందే నిర్ణయమై ఉంటుంది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు ఆ నిర్ణయానికి కర్తలు కాకపోవచ్చు. దాని ఫలితం మాత్రం వాళ్ళకి అందుతుంది.

ఇదే మార్గంలో చర్చిల్‌కి చాలా దిగువన 'ద పా' అనే పట్నం ఉంది. రైలు అక్కడ కొంతసేపు ఆగుతుంది. నార్వే హౌస్‌కి చెందిన క్రీ అమ్మాయి హెలెన్ బెట్టీ ఆస్బోర్న్ చదువుకోసం ఆ పట్నానికి వచ్చింది. సొంత ఊళ్ళో పైచదువు లేదు. టీచరు కావాలనుకుంది. 1971 నవంబరు 13న నలుగురు తెల్లజాతి యువకులు ఆమెని బలవంతంగా కారులో తీసుకుపోయారు. ఆమె హత్యకి గురైంది. అప్పటికి ఆమెకి పందొమ్మిదేళ్ళు. ఎవరు చేశారో ఊళ్ళో చాలామందికి తెలుసు. అయినా కేసు కోర్టుకి రావడానికి పదహారేళ్ళు పట్టింది. 1987లో ఒక్కడికే శిక్ష పడింది. ఆ కేసుని పరిశీలించిన విచారణ సంఘం 1991లో ఇచ్చిన నివేదికలో జాతివివక్షనీ, స్త్రీ ద్వేషాన్నీ, సమాజపు ఉదాసీనతనీ వేలెత్తి చూపింది.

ఆమె కథలో 'ప్రయాణం' అన్న మాటని ఎక్కడ పెట్టాలి? ఆమె కూడా ఒంటరిగా ఊరు దాటిన స్త్రీయే. చదువుకోసం ఇల్లు వదిలిన ఆడపిల్లని మనం మన కథల్లో ఎంత ప్రేమగా రాసుకున్నాం! కాని ఆమెకి ఇల్లు వదలడం అనేది ఎంచుకున్న సాహసం కాదు. ఉన్నచోట బడి పెట్టని ప్రభుత్వం ఆమె మీద పెట్టిన షరతు అది. ఆ షరతుకి ఒప్పుకుని వెళ్ళినచోట ఆమెకి రక్షణ లేదు. ఈ రెండూ వేరువేరు నేరాలు కావు.

ఇక్కడ అరకు మళ్ళీ గుర్తుకు రావడం తప్పదు. అదే పాడేరు ఏజెన్సీలో వాకపల్లి ఉంది. 2007 ఆగస్టులో గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. వాళ్ళు ఎన్నిసార్లు కొండలు దిగి విశాఖకి వచ్చివుంటారో! ఆ ప్రయాణాలు ఏ యాత్రారచనలోకీ ఎక్కవు. 2023 ఏప్రిల్‌లో విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానం దర్యాప్తు సరిగా జరగలేదంటూ నిందితుల్ని విడిచిపెట్టింది, బాధితులకి పరిహారం ఇవ్వమంది. మన స్త్రీవాద ఉద్యమం ఆ స్త్రీల పక్కన నిలబడింది. అదే సమయంలో మనలో చాలామందిమి సెలవులకి అరకు వెళ్ళాం, థింసా చూశాం, కాఫీపొడి కొనుక్కున్నాం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం మనల్ని మనం తిట్టుకోవడానికి కాదు. రెండూ ఒకే కొండల్లో జరుగుతున్నాయని గుర్తుంచుకోవడానికి.

ఎందుకంటే తిట్టుకోవడం తేలిక. చదువుకున్న యాత్రికురాలికి ఈ రోజుల్లో అపరాధభావం కూడా సామానులో ఒక భాగమైపోయింది. బొమ్మ తీసి, దానికింద బాధ రాసి, ఆ బాధతో తన చూపుకి తానే క్షమాపణ పత్రం ఇచ్చుకోవచ్చు. దానివల్ల పిక్విటోనేలో పాలపొడి ధర తగ్గదు. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు వాదన చేస్తారు. యాత్రికులు రావడంవల్లే ఆ ఊళ్ళకి డబ్బు వస్తోంది, ఆ రైలు నడుస్తోంది, మీరు వెళ్ళకపోతే వాళ్ళకే నష్టం అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. చర్చిల్‌లో చాలా కుటుంబాలు ఎలుగుల కాలంలో సంపాదించిన దానితో ఏడాది గడుపుకుంటాయి. కాని ఇది నైతిక ప్రశ్నకి జవాబు కాదు. ఇచ్చిన డబ్బుకి ఏమేం కొన్నామో చెబుతుందే తప్ప, కొనడానికి వీల్లేనిది ఏమైనా ఉందా అన్నది చెప్పదు. జమైకా కిన్‌కెయిడ్ 'ఎ స్మాల్ ప్లేస్' (1988)లో ఆంటిగ్వా దీవికి వచ్చే యాత్రికుల గురించి రాస్తూ, స్థానికుడికి కూడా యాత్రికుడు కావాలనే ఉంటుందనీ, పేదరికం వల్ల కాలేడనీ ఎత్తి చూపింది. ఆ వాదన నాకు ఎంతో విలువైనది. కాని మానిటోబా ఉత్తరాన అది సగమే సరిపోతుందనిపిస్తుంది. అక్కడి స్త్రీలు ప్రయాణం చేయలేకపోవడం ఒక్కటే సమస్య కాదు. ఇష్టంలేని ప్రయాణాలు చేయక తప్పకపోవడం కూడా సమస్యే.

కాన్పుల సంగతే చూద్దాం. కెనడా ఉత్తరాన రోడ్డు లేని ఎన్నో ఊళ్ళలో కాన్పుకి సౌకర్యం లేదు. అందుకని 36 నుంచి 38 వారాల మధ్య గర్భిణిని దక్షిణాన ఉన్న నగరానికి పంపేస్తారు. అక్కడ ఏదో వసతి గృహంలో నొప్పులొచ్చేదాకా ఎదురుచూడాలి. ఇంటి దగ్గర మిగతా పిల్లల్ని ఎవరు చూస్తున్నారో, ఏం తింటున్నారో అన్న దిగులుతో గడపాలి. వెంట ఒక మనిషి వెళ్ళడానికి కూడా ప్రభుత్వం ఖర్చు పెట్టుకునేది కాదు. 2017లో ఆ నిబంధన మార్చారు. తరతరాలుగా మూలవాసీ మంత్రసానులు ఊళ్ళోనే చేసిన పనిని ఆధునిక వైద్యం పక్కకి నెట్టింది. భద్రత పేరుతో పుట్టుకని ఆ నేల నుంచి తీసేసింది. తన పుట్టినచోటు తన ఊరు కాని పిల్లలు కొన్ని తరాలుగా పుడుతున్నారు.

మన ఏజెన్సీలో ఈ సమస్యకి రెండు ముఖాలూ ఉన్నాయి. రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసుకుని కొండ దిగడం ఇప్పటికీ వార్తల్లో చూస్తూనే ఉన్నాం. వీరాస్వామయ్య పల్లకీకీ ఈ డోలీకీ ఉన్న తేడా తెలుసుకుంటే యాత్రా సాహిత్యం గురించి సగం తెలిసినట్టే. ఆ కష్టం తప్పించాలని నెలలు నిండకముందే తెచ్చి ఉంచే వసతి గృహాలూ వచ్చాయి. ప్రాణం నిలబడుతుంది కాబట్టి వాటిని వద్దనలేం. కాని ప్రతిసారీ కదలాల్సింది ఆదివాసీ స్త్రీయే ఎందుకు కావాలి, వైద్యం ఎందుకు కదలకూడదు అని అడగడం మానేయకూడదు. అడిగినచోట జవాబు దొరికింది కూడా. అదే హడ్సన్ అఖాతానికి తూర్పు ఒడ్డున, క్విబెక్ ఉత్తరాన, పువిర్నిటుక్ అనే ఊళ్ళో ఇన్యూట్ స్త్రీలు పట్టుబట్టి 1986లో కాన్పుల కేంద్రం పెట్టించుకున్నారు. ఇన్యూట్ స్త్రీలే అక్కడ మంత్రసానులుగా శిక్షణ పొందారు. సంక్లిష్టమైనవి తప్ప మిగతా కాన్పులు ఊళ్ళోనే జరుగుతున్నాయి. వాళ్ళు కోరింది బయటికి వెళ్ళే స్వేచ్ఛ కాదు, వెళ్ళకుండా ఉండే స్వేచ్ఛ.

ఇక్కడికి వచ్చాక మొదటి ప్రశ్నని కొంచెం మార్చి అడగాలి. స్వేచ్ఛ అంటే వెళ్ళగలగడం అని మనం నేర్చుకున్నది మన అనుభవంలోంచి. ఇల్లు మనకి బందిఖానా కాబట్టి తలుపు తెరుచుకోవడమే విముక్తి. కాని నేలనుంచి తరిమేసిన ప్రజల స్త్రీకి ఇల్లు మొదటి విముక్తి. సయీసీ డెనే స్త్రీలకి 1956లో జరిగింది ప్రయాణమే, 1973లో జరిగింది కూడా ప్రయాణమే. మొదటిది వాళ్ళని చంపింది, రెండోది బతికించింది. రెంటికీ తేడా దూరంలో లేదు, నిర్ణయం ఎవరిదన్న దాంట్లో ఉంది. వెళ్ళే హక్కూ, ఉండే హక్కూ, తిరిగొచ్చే హక్కూ ఒకే స్వేచ్ఛకి మూడు ముఖాలు. మొదటిదాన్ని మాత్రమే పాడుకునే స్త్రీవాదం సగం స్త్రీల అనుభవాన్నే చెబుతుంది. ఆ మాటకొస్తే మన పల్లెల్లో ఇల్లు అనేది రెండు రకాలుగానూ ఉంటుంది. దాటలేని గడప ఒకరిది, డ్యామ్ కింద మునిగిన గడప ఇంకొకరిది. పోలవరం ముంపు గ్రామాల స్త్రీల దగ్గరికి వెళ్ళి గడప దాటడం గురించి ఏ కవిత చదువుతాం?

2019 జూన్‌లో కెనడాలో మూలవాసీ స్త్రీల అదృశ్యాలు, హత్యల మీద ఏర్పాటైన జాతీయ విచారణ సంఘం తన తుది నివేదిక ఇచ్చింది. న్యాయం కోసం అది చేసిన డిమాండ్లలో పోలీసులు, కోర్టులతోబాటు ఒక మామూలు విషయం కూడా ఉంది. దూరప్రాంతాల్లో ఉన్న మూలవాసీ స్త్రీలకి భద్రమైన, అందుబాటు ధరలో ఉండే రవాణా కావాలి. బస్సు లేక ఎవరి కారో ఆపి ఎక్కడమే చాలామంది ప్రాణం తీసింది గనుక. రైలూ బస్సూ స్త్రీల హక్కుల జాబితాలో ఉండాల్సిన విషయాలని ఆ నివేదిక గుర్తుచేసింది. దాన్ని చదివాక రైలు కిటికీ గురించి రాసే మనం రైలు గురించి కూడా రాయాలి. టికెట్టు ధర ఎంత, ఏ ఊళ్ళో ఆగుతుంది, ఏ ఊళ్ళో ఆగడం మానేసింది, వారానికి ఎన్ని రోజులు నడుస్తుంది, ఎవరు నడుపుతారు. యాత్రారచనలో ఇవి చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఇచ్చే సమాచారం. ఆ దారిమీద బతికే స్త్రీకి ఇవే కథాంశం.

ఎవరు నడుపుతారన్నది కూడా కొద్దికొద్దిగా మారుతోంది. చర్చిల్ మార్గాన్ని 2018లో ఉత్తర ప్రాంతపు ఊళ్ళూ మూలవాసీ సముదాయాలూ మరికొన్ని సంస్థలతో కలిసి కొన్నాయి. 2021లో మిగతా సంస్థలు తప్పుకోవడంతో మార్గం పూర్తిగా ఆ సముదాయాల చేతికి వచ్చింది. అంతకుముందే, 2005లో, క్విబెక్ - లాబ్రడార్ మధ్య ఒక రైలుమార్గాన్ని ఇన్నూ, నాస్కాపీ ప్రజలు సొంతం చేసుకున్నారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరుకి ఇన్నూ భాషలో ఉత్తరపు గాలి అని అర్థం. సొంతమైనంత మాత్రాన కష్టాలన్నీ పోవు. పాత పట్టాలు, చాలని డబ్బు, కరుగుతున్న నేల, ఇవన్నీ అలాగే ఉన్నాయి. యాత్రికుల్ని వాళ్ళూ పిలుస్తారు, వాళ్ళకీ ఆ ఆదాయం కావాలి. కాని పట్టాలు కొట్టుకుపోయినప్పుడు బాగుచేయాలా వద్దా అన్నది ఎక్కడో కూర్చున్న కంపెనీ లాభనష్టాల లెక్క కాకుండా పోతుంది. పిలిచిన ఇంటికి వెళ్ళడానికీ, తెరిచి ఉన్న తలుపులోంచి తొంగి చూడటానికీ ఉన్న తేడా మన భాషకి బాగా తెలుసు.

కాబట్టి వెళ్ళవద్దని నేననను. చూడటం పాపమనీ అనను. చూపుని నిషేధిస్తే మిగిలేది అజ్ఞానమే, దానివల్ల దిక్కు లేనివాళ్ళకి ఒరిగేదేమీ లేదు. నేననేది ఒక్కటే. మన ప్రయాణాన్ని స్వేచ్ఛ అని పిలిచే ముందు, ఆ దారి వెంట ఉన్న స్త్రీ కావాలనుకున్నప్పుడు వెళ్ళగలదా, వద్దనుకున్నప్పుడు ఉండగలదా అని అడగాలి. రెండిట్లో దేనికి 'లేదు' అన్న జవాబు వచ్చినా, మన చేతిలో ఉన్న టికెట్టుకి స్వేచ్ఛ కన్నా సౌకర్యం అనే పేరే సరిపోతుంది. సౌకర్యం కలిగి ఉండటంలో సిగ్గుపడాల్సింది లేదు. దాన్ని విముక్తి అని రాసుకోవడంలోనే చిక్కు ఉంది. విశ్వవిద్యాలయాల్లో యాత్రా సాహిత్యం చెప్పే మనం, సెమినార్ల కోసం ఊళ్ళు తిరిగే మనం, మన పాఠ్యాంశాల్లో కాశీయాత్ర చరిత్ర పక్కన డోలీ ప్రయాణాన్ని కూడా ఒక పాఠంగా చేర్చగలమా? వాకపల్లి నుంచి విశాఖ కోర్టుకి, టడూలీ నుంచి విన్నిపెగ్ ఆసుపత్రికి జరిగిన ప్రయాణాల్ని ఆ స్త్రీల మాటల్లోనే వినగలమా? ఆ పని మొదలుపెడితే, కిటికీలోంచి కనబడే చెరువు పేరేమిటో, అక్కడ ఎవరు వలలు వేస్తారో కనుక్కోవాలనే కోరిక మనకే పుడుతుంది.